అద్దె ఫ్లాట్ ఖాళీ అయ్యాక: కొత్తవాళ్ళు దిగేలోపు ఏ పని ముందు, ఏ పని తర్వాత

పాతవాళ్ళు ఖాళీ చేశారు, పెయింట్ వేయించి టు-లెట్ బోర్డు పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని చాలామంది ఓనర్లు అడుగుతున్నారు. పదీ పదిహేనేళ్ళ వయసున్న రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌ను లెక్కలోకి తీసుకుని ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌కైనా విజయవాడకైనా విశాఖకైనా పని వరుస ఇదే. ఇండిపెండెంట్ ఇంట్లో పోర్షన్‌కీ ఇదే వర్తిస్తుంది, కాకపోతే టెర్రస్ బాధ్యత కూడా మీదే అవుతుంది.

పెయింట్ మొదటి పని కాదు, చివరి పనుల్లో ఒకటి. నీళ్ళ పని, కరెంటు పని, వడ్రంగి పని అయ్యాకే గోడ ముట్టుకోవాలి. ఈ వరుస తప్పితే ఒకే గోడకు రెండుసార్లు డబ్బు పెడతారు.

## 1. ముందు తేదీలు, లెక్క

మన దగ్గర కుటుంబాలు ఇళ్ళు మారేది ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం వరకు, బడులు తెరిచేలోపు. తర్వాత ఆషాఢం వస్తుంది. ఆషాఢంలో, పుష్యంలో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి చాలామంది ఇష్టపడరు. కాబట్టి మే నెలలో ఖాళీ అయ్యే ఇంటికి పెయింటర్‌ను ఏప్రిల్‌లోనే మాట్లాడిపెట్టుకోండి. సంక్రాంతికి, దసరాకు ముందు మంచి పనివాళ్ళు దొరకడం కష్టం.

ఎండాకాలంలో లప్పం (వాల్ పుట్టీ), పెయింట్ త్వరగా ఆరతాయి. ఆగస్టులో అదే పనికి ఇంచుమించు రెట్టింపు రోజులు వేసుకోండి.

ఖాళీగా ఉన్న రోజులకు కూడా ఖర్చుంది. అద్దె నెలకు 20,000 అయితే రోజుకు సుమారు 667 రూపాయలు పోతున్నట్టు. రెండు వారాల ఆలస్యం అంటే 9,300 పైనే. పెయింటర్ దగ్గర 2,000 తగ్గించుకోవడానికి పది రోజులు బేరమాడితే మిగిలేదేమీ లేదు.

ట్యాక్స్ సంగతి కూడా చూసుకోండి. అద్దె ఆదాయం మీద 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది. మీరు రిపేర్లకు రూపాయి ఖర్చుపెట్టినా, లక్ష ఖర్చుపెట్టినా అంతే. పెయింటింగ్ బిల్లును విడిగా చూపించి అదనంగా తగ్గించుకోవడం కుదరదు.

పెద్ద నిమ్ము సమస్య లేని ఇంటికి, ముగ్గురు పెయింటర్లతో ఒక నమూనా షెడ్యూల్:

- 1, 2 రోజులు: ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వడ్రంగి
- 3వ రోజు: గోడలు గీకడం, పగుళ్ళు, రంధ్రాలు పూడ్చడం
- 4, 5 రోజులు: లప్పం రెండు కోట్లు
- 6వ రోజు: సాండ్ పేపర్, ప్రైమర్ (పెయింట్‌కు ముందు వేసే పూత)
- 7వ రోజు: సీలింగ్, గోడలకు మొదటి కోటు
- 8వ రోజు: తలుపులు, గ్రిల్స్
- 9వ రోజు: గోడలకు రెండో కోటు
- 10వ రోజు: క్లీనింగ్, పెస్ట్ కంట్రోల్

## 2. ఖాళీ చేసే రోజే తనిఖీ

అద్దెకున్నవాళ్ళు సామాను తీసేశాక, అడ్వాన్స్ లెక్క తేలకముందు, వాళ్ళ ఎదురుగానే ఇల్లంతా ఒకసారి తిరగండి. ఫోన్‌లో వీడియో తీయండి. కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో, మెయింటెనెన్స్ బాకీ ఉందో లేదో అసోసియేషన్ నుంచి ఒక మెసేజ్, ఈ రెండూ ఉంటే తర్వాత వాదన ఉండదు.

ఎండకు రంగు వెలవడం, తలుపు కింద గీతలు పడటం మామూలు వాడకం. వీటికి డబ్బులు పట్టుకోవడం సరికాదు. పగిలిన వాష్‌బేసిన్, విరిగిన అల్మారా తలుపు, టైల్‌కు పడ్డ డ్రిల్ రంధ్రం నష్టం కింద వస్తాయి.

2021లో కేంద్రం రాష్ట్రాలకు నమూనాగా ఇచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ఎవరి పని ఏదో ఒక జాబితా ఉంది. గోడలకు వెల్ల, తలుపులు కిటికీలకు పెయింట్, పైపుల మార్పిడి, వైరింగ్ ఓనర్ బాధ్యత. ట్యాప్ వాషర్లు, స్విచ్‌లు, సాకెట్లు, తాళాలు, గడియలు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ళ బాధ్యత. రాష్ట్రం చట్టంగా తెచ్చుకుంటేనే అది వర్తిస్తుంది. కానీ అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు ఆ జాబితా బాగా పనికొస్తుంది. "పెయింటింగ్‌కు ఒక నెల అద్దె పట్టుకుంటాం" అనేది మీ షరతైతే దిగేటప్పుడే కాగితం మీద ఉండాలి. ఖాళీ చేసే రోజు చెప్తే గొడవే.

## 3. నీళ్ళ పని: ఇక్కడ తొందరపడొద్దు

గోడకు నిమ్ము ఉంటే దాని మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా ఒక వానాకాలంలో పొక్కుతుంది. నిమ్ము ఎక్కడినుంచి వస్తోందో తేల్చకుండా "డ్యాంప్ ప్రూఫ్" పెయింట్ కొట్టడం డబ్బు వృథా.

నిమ్ము గోడదా, గాలిదా తేల్చడం. అడుగు చదరం ప్లాస్టిక్ షీట్‌ను నాలుగు వైపులా టేప్‌తో గోడకు గట్టిగా అంటించి ఒక రోజు ఉంచండి. షీటుకు గోడవైపు చెమ్మ పడితే నీరు గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే గదిలో గాలి ఆడటం లేదు. దానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్, తెరిచిన కిటికీ చాలు.

ఎక్కడినుంచో పట్టుకోవడం. ఫ్లాట్లలో నిమ్ముకు ఎక్కువగా కారణమయ్యేవి నాలుగు:

- బాత్రూమ్ అవతలి గోడ, కింద అడుగు ఎత్తువరకు నిమ్ము: టైల్స్ మధ్య గ్రౌట్ (సందులు నింపే పేస్టు) పోయింది, లేదా గోడలో పైపు కారుతోంది.
- సీలింగ్ మీద గుండ్రటి మరక: పై ఫ్లాట్ బాత్రూమ్. పై ఓనర్‌తో మాట్లాడకుండా మీ సీలింగ్ బాగుచేయడం దండగ.
- కిటికీ కింది మూలలు: ఫ్రేమ్‌కూ గోడకూ మధ్య సందు, బయట సన్‌షేడ్ పగులు.
- పై అంతస్తు ఫ్లాట్‌లో సీలింగంతా: టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్. ఇది అసోసియేషన్ పని, ఉత్తరం రాసి పెట్టండి.

బాత్రూమ్ పరీక్ష. నహానీ ట్రాప్‌ను (నేల మీద నీళ్ళు పోయే జాలీ కన్నాన్ని) గుడ్డతో, ప్లాస్టిక్‌తో మూసి, నేల మీద రెండంగుళాల నీళ్ళు ఒక రోజు నిలబెట్టండి. గడప అంత ఎత్తు లేకపోతే తడి ఇటుకలు, బంకమట్టితో కట్ట కట్టించండి. కింది ఫ్లాట్ సీలింగ్‌లో తడి కనిపిస్తే నేల కారుతున్నట్టు. కనిపించకపోతే పైపులు అనుమానించాలి; ప్లంబర్ దగ్గర ప్రెజర్ పరీక్ష చేసే పంపు ఉంటుంది.

గ్రౌట్ మార్చడం. పాత గ్రౌట్‌ను రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గీకి, దుమ్ము తీసి, పూర్తిగా ఆరనిచ్చి ఎపాక్సీ గ్రౌట్ పెట్టించాలి. సిమెంట్ గ్రౌట్ చవకే, కానీ బోరు నీళ్ళు, యాసిడ్ క్లీనింగ్ కలిసి దాన్ని త్వరగా తినేస్తాయి. గ్రౌట్ పెట్టాక కనీసం ఒక రోజు బాత్రూమ్ వాడకూడదు.

గోడ ఆరనివ్వడం. లీకేజీ ఆపాక పొక్కిన ప్లాస్టర్ కొట్టేసి గోడను ఫ్యాన్ గాలికి వదిలేయండి. తెల్లటి ఉప్పు పొడి బయటికొస్తే పొడి బ్రష్‌తో దులపండి. నీళ్ళతో కడిగితే అది కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. కొత్తగా సిమెంట్ ప్లాస్టర్ వేస్తే వారం రోజులు తడపాలి, తర్వాత బాగా ఆరాలి. ఈ పని పడితే షెడ్యూల్‌కు మూడు నాలుగు వారాలు కలుపుకోండి. మేస్త్రీ "రేపే లప్పం పెట్టేద్దాం సార్" అంటాడు. ఒప్పుకోవద్దు.

ఇంకొకటి: పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) గోడ మీద పూసి నిమ్ము కప్పేస్తారు. పీఓపీ తడికి మెత్తబడి ఊడుతుంది. బాత్రూమ్ పక్క గోడలకు వైట్ సిమెంట్ లప్పమే పెట్టించండి.

ఫ్లష్ ట్యాంక్ కారుతోందో తెలుసుకోవడానికి ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ వేసి పావుగంట నొక్కకుండా ఉంచండి. కింద కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాషర్ మార్చాలి.

## 4. కరెంటు

ఇది కంటికి కనిపించదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. ప్రాణానికి సంబంధించినది మాత్రం ఇదే.

- 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా? దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే మెయిన్ పడిపోవాలి. పడకపోతే మార్చండి.
- ప్రతి సాకెట్‌లో ఎర్తింగ్ వస్తోందా? మూడు లైట్ల ప్లగ్ టెస్టర్‌తో ఎవరైనా చూడొచ్చు.
- గీజర్‌కు, ఏసీకి విడివిడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్), 16 ఆంప్ సాకెట్, 4 చదరపు మిల్లీమీటర్ల (ఎస్‌క్యూఎంఎం) రాగి వైరు ఉండాలి. 6 ఆంప్ సాకెట్‌కు గీజర్ తగిలించి ఉంటే అది నల్లబడే ఉంటుంది, చూడండి.
- గాలి ఆడని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే తీసేయించండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

గోడ చెక్కాల్సిన పని ఏదైనా ఇప్పుడే. ఏసీ పాయింట్, ఇన్వర్టర్ లైను, వాటర్ ప్యూరిఫయర్ పాయింట్, వాషింగ్ మెషిన్‌కు నీళ్ళు, కరెంటు, డ్రెయిన్. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళు మొదట అడిగేవి ఇవే.

## 5. పెయింటర్‌తో మాట్లాడుకోవడం

రెండు రకాల ఒప్పందాలు ఉంటాయి: లేబర్ మాత్రమే, లేదా మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగుకు ఇంత. మీరు దగ్గరుండి చూసుకోగలిగితే లేబర్ ఒప్పందం మేలు.

కొలత మీరే వేసుకోండి. 12 అడుగులు, 11 అడుగుల గది, ఎత్తు 10 అడుగులు అయితే నాలుగు గోడలు కలిపి 460 చదరపు అడుగులు, సీలింగ్ 132. తలుపు 21, కిటికీ 16 తీసేస్తే గోడలు 423. ఎమల్షన్ (నీళ్ళు కలిపి వేసే గోడ పెయింట్) రెండు కోట్లకు లీటరుకు 60 చదరపు అడుగులు వేసుకుంటే గోడలకు ఏడు లీటర్లు. డబ్బా మీద ఇంతకంటే ఎక్కువే రాసి ఉండొచ్చు, పాత గోడకు ఈ లెక్కే మంచిది. తలుపులు, కిటికీలు మైనస్ చేస్తారా లేదా అన్నది ముందే అడగండి. చాలామంది చెయ్యరు, బిల్లు రోజు తెలుస్తుంది.

పెయింట్ డబ్బాల్లో పెయింటర్ల కోసం టోకెన్లు, స్కాన్ చేసే కూపన్లు పెట్టే అలవాటు కంపెనీలకు ఉంది. పెయింటర్ ఒకే రకాన్ని గట్టిగా చెప్తుంటే అది కూడా ఒక కారణం కావచ్చు. అందులో తప్పేమీ లేదు, మీకు తెలిసి ఉంటే చాలు.

కాగితం మీద రాసుకోవాల్సినవి:

- ఏ పెయింట్, ఏ షేడ్ కోడ్, ఎన్ని కోట్లు
- లప్పం ఎన్ని కోట్లు, గోడంతానా, ప్యాచ్‌లు మాత్రమేనా
- తలుపులు, గ్రిల్స్, అల్మారాలు ఇందులో కలిసాయా
- స్విచ్ బోర్డులు, టైల్స్ మీద మరకలు తుడిచే బాధ్యత ఎవరిది
- డబ్బు మూడు విడతలు: మొదలు, ప్రైమర్ అయ్యాక, చివరి తనిఖీ అయ్యాక. చివరి విడత కనీసం నాలుగో వంతు ఉండాలి.

## 6. గోడల పని

పాత పూత ఏమిటో చూడండి. తడిగుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డకు తెల్లగా అంటితే సున్నమో, డిస్టెంపర్ అనే చవక రకం పూతో. అంటకపోతే ఎమల్షన్. సున్నం, డిస్టెంపర్ పొడి రాలుతుంటే గీకెయ్యకుండా ఎమల్షన్ వేయకూడదు. ఏడాది తిరిగేసరికి పెచ్చులుగా లేచేది ఈ కారణంతోనే.

మేకులు, రంధ్రాలు, పగుళ్ళు. మేకు తీసిన గుంతను ఒకేసారి నింపితే ఆరి లోపలికి గుంజుతుంది. రెండు విడతలుగా పూడ్చాలి. పగులును 'వి' ఆకారంలో తెరిచి, దుమ్ము ఊది, క్రాక్ ఫిల్లర్ నింపి, పొడవాటి పగులైతే మెష్ టేప్ వేయించండి.

లప్పం. పలుచటి రెండు కోట్లు. గోడను ముందు కాస్త తడపాలి. కలిపిన లప్పం రెండు మూడు గంటల్లో వాడెయ్యాలి. గట్టిపడ్డాక మళ్ళీ నీళ్ళు పోసి కలిపితే పట్టు పోతుంది. అద్దె ఇంటికి గోడలన్నిటికీ లప్పం అక్కర్లేదు. పాత ఎమల్షన్ బాగుంటే ప్యాచ్‌లు చాలు.

సాండ్ పేపర్, ప్రైమర్. బల్బును గోడకు పక్కవాటుగా పట్టి చూస్తే ఎత్తుపల్లాలు బయటపడతాయి. పనివాళ్ళకు మాస్కులు ఇవ్వండి. దుమ్ము తుడిచాకే ప్రైమర్. ప్యాచ్ పెట్టిన ప్రతి చోటా ప్రైమర్ పడాలి, లేకపోతే పెయింట్ ఆరాక ఆ చోటు వేరే రంగులో కనిపిస్తుంది.

పెయింట్. అన్ని గదులకూ ఒకే ఐవరీ లేదా ఆఫ్‌వైట్, సీలింగ్‌కు తెలుపు. గదికో రంగు పెడితే రెండేళ్ళ తర్వాత నాలుగు డబ్బాలు కొనాలి. పచ్చి తెలుపు చేతి మరకల్ని దాచదు. హాలు, వంటగది, పిల్లలు చెయ్యి పెట్టే చోట్ల తుడిస్తే పోయే రకం ఎమల్షన్, బెడ్‌రూమ్‌లకు, సీలింగ్‌కు మామూలు రకం. డిస్టెంపర్ చవకే, తడిగుడ్డ పెట్టలేరు. ఖాళీ అయిన ప్రతిసారీ మొదటినుంచి వేయాలి.

డబ్బా మీ ఎదురుగా తెరవాలి. నీళ్ళు ఎంత కలపాలో డబ్బా మీద ఉంటుంది, కొలిచి పోయించండి. ఎక్కువ నీళ్ళు కలిపితే డబ్బా మిగులుతుంది, గోడ మీద పూత మిగలదు. రెండు డబ్బాల రంగు పెద్ద బకెట్లో కలిపి వాడితే గోడ మధ్యలో తేడా రాదు. కోటుకూ కోటుకూ మధ్య కనీసం నాలుగు గంటలు.

పని అయ్యాక కనిపించే లోపాలు, సరిచేసే పద్ధతి:

- ప్యాచ్‌లు మెరుస్తున్నాయి: ఆ చోట ప్రైమర్ వేసి, మూల నుంచి మూల దాకా గోడంతా ఒక కోటు. ప్యాచ్ మీద మాత్రమే వేస్తే ఇంకా కనిపిస్తుంది.
- బుడగలు: లోపల తడి. పైన 3వ భాగానికి (నీళ్ళ పని) వెనక్కి వెళ్ళండి.
- నల్లటి బూజు మచ్చలు: నీళ్ళు కలిపిన బ్లీచ్‌తో తుడిచి, కడిగి, ఆరనిచ్చి, ప్రైమర్.
- రోలర్ గీతలు: సన్న సాండ్ పేపర్ పట్టి మరో కోటు.

## 7. తలుపులు, గ్రిల్స్

గ్రిల్స్ తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ (తుప్పు ఆపే ప్రైమర్) వేసి, ఎనామిల్ (ఆయిల్ పెయింట్) రెండు కోట్లు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ముందు గ్రిల్‌ను మంచినీళ్ళతో కడగాలి; ఉప్పు మీద రెడ్ ఆక్సైడ్ పట్టదు.

పాత ఇళ్ళలో ఒక జాగ్రత్త. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా రుద్దించకుండా తడి సాండ్ పేపర్‌తో రుద్దించండి, రాలిన తడి ముద్దను తుడిచి సంచిలో కట్టి పారేయండి. చిన్నపిల్లల్ని ఆ దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

తలుపు బిగుసుకుంటే పెయింట్ వేయకముందే వడ్రంగితో చిత్రిక పట్టించండి. చెదలు కనిపించిన చట్రానికి పెయింట్ కాదు, మందు కావాలి.

## 8. వంటగది, బాత్రూమ్, నేల

ఇల్లు చూడటానికి వచ్చిన ఇల్లాలు హాలు రంగు కంటే ముందు సింక్ కింద అల్మారా తెరిచి చూస్తుంది. అక్కడ బొద్దింకలు, మురికి వాసన ఉంటే మిగతా ఖర్చంతా వృథా. సింక్ కింది పైపు, జాలీ మార్చండి. ఇది చాలా చిన్న ఖర్చు.

బోరు నీళ్ళ తెల్ల మరకలకు నిమ్మ ఉప్పు నీళ్ళు పట్టించి, పావుగంట ఉంచి రుద్దండి. యాసిడ్ వద్దు, అది టైల్స్ మధ్య గ్రౌట్‌నూ, ట్యాపుల మెరుపునూ తినేస్తుంది. తాండూరు, కడప బండల మీద నిమ్మ ఉప్పు కూడా వద్దు, అవి సున్నపు రాళ్ళు, మరక పడుతుంది. యాసిడ్, బ్లీచ్ ఎప్పుడూ కలపనివ్వద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో ప్రమాదం.

బండలకు పాలిష్ పట్టిస్తే చివరి కోటు పెయింట్‌కు ముందే అవ్వాలి. ఆ బురద గోడల మీద చిందుతుంది.

## 9. ఖర్చు వద్దన్నవి

ఫాల్స్ సీలింగ్, వాల్‌పేపర్, టెక్స్చర్ గోడ, ఖరీదైన షాండిలియర్. నా ఉద్దేశంలో అద్దె ఇంటికి ఇవి అనవసరం. వాటివల్ల అద్దె పెద్దగా పెరగదు, పాడైతే మాత్రం బాగుచేయించాల్సింది మీరే. ఆ డబ్బుతో కిటికీలకు దోమల మెష్, ప్రతి గదిలో కర్టెన్ రాడ్లు, బాల్కనీలో బట్టలారేసే తీగలు, పూజకు ఒక అలమర, ఫోటోలకు నాలుగు గట్టి హుక్కులు పెట్టించండి. హుక్కులు మీరే ఇస్తే గోడకు మేకులు తగ్గుతాయి.

## 10. ఊళ్ళో లేని ఓనర్లకు

అమెరికాలో ఉండి కొండాపూర్ ఫ్లాట్ పని చుట్టాలతో చేయిస్తున్నవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకోండి. రోజూ సాయంత్రం ఒకే వరుసలో గదులన్నీ చూపించే వీడియో. లప్పం, ప్రైమర్, మొదటి కోటు దశల్లో ఖాళీ డబ్బాల ఫోటో. వీడియో రానిదే తర్వాతి విడత డబ్బు పంపొద్దు. పర్యవేక్షించే చుట్టానికి దారి ఖర్చులు, ఎంతో కొంత రుసుము ఇవ్వండి. మొహమాటం మీద నడిచే పని మూడో రోజుకే ఆగిపోతుంది.

అసోసియేషన్ పని వేళలు, లిఫ్ట్ వాడకం ముందే కనుక్కోండి. కొట్టేసిన ప్లాస్టర్, టైల్ ముక్కలు గోనెసంచుల్లో కట్టించి పంపాలి, చెత్తకుండీ పక్కన పోస్తే ఫైన్ పడొచ్చు.

## 11. తాళాలు ఇచ్చే ముందు

పెస్ట్ కంట్రోల్ చేయించి ఒక రోజు కిటికీలు తెరిచి ఉంచండి. మెయిన్ డోర్ తాళం సిలిండర్ మార్చండి. పాతవాళ్ళ దగ్గర, పనిమనిషి దగ్గర ఎన్ని తాళాలున్నాయో మీకు తెలియదు.

- ప్రతి ట్యాప్, ఫ్లష్, గీజర్, ఫ్యాన్, లైట్ వేసి చూశారా
- ఫ్యాన్లు, లైట్లు, గీజర్, కర్టెన్ రాడ్లు ఎన్నో జాబితా రాసి ఇద్దరూ సంతకం చేశారా
- ప్రతి గోడ, నేల, బాత్రూమ్ ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచారా
- మీటర్ రీడింగ్ రాసుకున్నారా
- అగ్రిమెంట్‌కు రిజిస్ట్రేషన్ కావాలా లేదా కనుక్కున్నారా

మిగిలిన పెయింట్ అర లీటరైనా చిన్న డబ్బాలో గట్టిగా మూసి, షేడ్ కోడ్, కొన్న తేదీ, ఏ గదికి వాడారో మూత మీద మార్కర్‌తో రాసి అటక మీద పెట్టండి. ఏడాదిలోపు సోఫా రాసుకున్న గీతకు అది సరిపోతుంది.